మెట్టకెక్కిన ఊరు

మా ఊరికి కొత్తగా వచ్చినవాళ్ళు పాత వీధిలో నడుస్తూ తప్పకుండా ఒక మాట అడుగుతారు. "ఇదేంటండీ, తలుపులదొక వయసు, గోడలదొక వయసులా ఉంది?" అని. నిజమే. తలుపులు నల్లబడి, గడియలు అరిగిపోయి ముత్తాతల నాటివిలా ఉంటాయి. గోడలు మాత్రం వాటికి మనవళ్ళలా ఉంటాయి. ఊరు కింద ఏటి ఒడ్డు నుంచి ఈ మెట్ట మీదికి వచ్చినప్పుడు తలుపులు, కిటికీలు, దూలాలు బండ్లెక్కాయి. గోడల్ని ఎవరూ మోసుకురాలేకపోయారు.

ఇదంతా నేను పుట్టకముందు సంగతి. అమ్మ చెప్పగా విన్నది కొంత, అత్త చెప్పగా విన్నది కొంత. నాన్న పెద్దగా చెప్పేవాడు కాదు. ఆడవాళ్ళిద్దరూ చెబుతుంటే మధ్యలో "అంత లేదులే" అని మాత్రం అనేవాడు.

కింద ఊరికి మొదట వచ్చినవాళ్ళు దుంగలవాళ్ళు. ఎగువ అడవుల్లో కొట్టిన దుంగల్ని తెప్పలుగా కట్టి ఏట్లో వదిలి, వాటి వెంట దిగువకు పోయేవారు. ఒక ఏడు ఏరు వంపు తిరిగే చోట తెప్ప ఇసుకలో కూరుకుపోయింది. నీళ్ళు పెరిగేదాకా ఆగుదామని పాక వేసుకున్నారు. నీళ్ళు పెరిగాయి, తెప్ప కదిలింది, వాళ్ళు మాత్రం కదల్లేదు. తర్వాత ఒండ్రునేల చూసి రైతులు వచ్చారు. రైతుల్ని చూసి కొట్లవాళ్ళు వచ్చారు. ఏ గుంపు ఎక్కడిదో, ఎవరి మాట తీరు ఏమిటో ఒకరిది ఇంకొకరికి అంతుపట్టేది కాదు. అందుకేనేమో, మా ఊళ్ళో ఏ విషయం మీదా నలుగురు ఒక మాటకు రారు. సభ పెడితే సాయంత్రందాకా వాదించుకుంటారు. కానీ గాలివానకు ఎవరి ఇంటి కప్పైనా లేచిపోయిందంటే మధ్యాహ్నానికల్లా ఆ గోడకు నిచ్చెన పడుతుంది. నిచ్చెన మీద ఉన్నవాడు, కింద పెంకులు అందించేవాడు, పెంకు ఎలా పరచాలన్న దాని మీద మళ్ళీ వాదించుకుంటూ ఉంటారు. కప్పు మాత్రం సిద్ధమవుతుంది.

ఏరు ఒడ్డును కోయడం చాలా ఏళ్ళ నుంచీ ఉన్నదే. ఒక వానాకాలం ఎవరిదో దొడ్డి పోయేది, ఇంకో వానాకాలం ఎవరిదో కళ్ళం పోయేది. పోయినవాళ్ళు నాలుగడుగులు వెనక్కి జరిగి కంచె వేసుకునేవారు. ఒక ఏడు బడి వరండా మొత్తం ఒక్క పెట్టున ఏట్లోకి జారింది. సెలవు రోజు కాబట్టి సరిపోయింది. ఆ తర్వాత ఊళ్ళో ఏ తల్లికీ కంటి మీద కునుకు లేదు.

సభ పెట్టారు. ఊరి పెద్దను అందరూ 'చూద్దాంగారు' అనేవారు. ఏది అడిగినా ఆయన నోట ముందు వచ్చే మాట అదే. మనిషి మంచివాడే. ఎవరినీ నొప్పించడం చేతకాక ఆ మాట అలవాటైంది. మెట్ట మీదికి పోదామని బడి పెద్దపంతులమ్మ లేచి చెప్పింది. పైన కొత్త రోడ్డు పడింది, నేల గట్టిది, ఎంత వరదొచ్చినా నీరెక్కదు. ఇదీ ఆమె వాదన.

"పైన నీళ్ళేవమ్మా? రోడ్డు తాగి బతుకుతామా?" అన్నాడొక రైతు.

"గాలి చూశారా అక్కడ? గుడ్డలారేస్తే పక్క ఊళ్ళో ఏరుకోవాలి," అంది కొట్టాయన భార్య.

మా నాన్న పడవ నడిపేవాడు. ఆ రేవు వాళ్ళ నాన్నది, అంతకుముందు వాళ్ళ తాతది. ఆయన లేచి, "ఊరు ఎటైనా పొండి. నేను మాత్రం మెట్టెక్కను. ఇదే ఒట్టు," అని కూర్చున్నాడు.

చూద్దాంగారు చూద్దామన్నారు. సభ ముగిసింది. అలాంటి సభలు ఆ ఎండాకాలమంతా నడిచాయి.

మా అత్త నాన్నకు అక్క. తల్లిదండ్రులు పోయాక తమ్ముణ్ణి ఆవిడే పెంచింది. మా ఇంటి ముందుగదిలో కిటికీ పక్కన కుట్టుమిషను వేసుకుని ఊరందరికీ బట్టలు కుట్టేది. ఊరంతా 'కత్తెరమ్మ' అనేవారు. పెళ్ళెందుకు చేసుకోలేదని ఎవరైనా అడిగితే "కొలతలు కుదర్లేదు" అనేది. మెడలో టేపు, నోట్లో గుండుసూదులు. సూదులు నోట్లో ఉన్నంతసేపే ఎదుటివాళ్ళు మాట్లాడాలి. అవి తీసిందంటే ఇక ఎవరి వంతూ ఉండదు.

ఒకనాటి సభ నుంచి తిరిగొచ్చి అత్త మిషను మూత పెట్టింది. "మరదలా, నా పెట్టె ఇటియ్యి," అంది అమ్మతో.

"ఎక్కడికి వదినా?"

"పైకి. రోడ్డు పనివాళ్ళు వదిలేసిన రేకుల షెడ్డు ఉందిగా. తలుపు కూడా ఉంది దానికి. ఎవరో ఒకరు పోయి కూర్చుంటే గానీ ఈ ఊరికి కాళ్ళు రావు."

నాన్న అప్పుడే ఇంట్లోకి వచ్చాడు. "నవ్వుతారక్కా. ఒంటరి ఆడదానివి, ఆ బోడి మెట్ట మీద ఏం చేస్తావు?"

"ఇక్కడేం చేస్తున్నానో అదే. కుడతాను."

"నా ఇల్లు నీకు చాల్లేదా?"

"నీ ఇల్లు బంగారంరా. ఏరు దాన్ని అడిగి తీసుకుంటుందా?"

నాన్నకు కోపం వచ్చింది. అనకూడని మాట అన్నాడు. "వెళ్తే మళ్ళీ నా గడప తొక్కకు," అన్నాడు. అత్త పెట్టె సర్దుకుంది. మర్నాడు పొద్దున్నే ఎడ్లబండి మాట్లాడుకుని మిషను, పెట్టె, మంచం ఎక్కించింది. వాటితోపాటు కుట్టడానికి ఊళ్ళోవాళ్ళు ఇచ్చిన గుడ్డలన్నీ ఎక్కించింది. కత్తిరించినవీ, సగం కుట్టినవీ, కాజాలు తీయాల్సినవీ ఏ ఒక్కటీ వదల్లేదు. ఊరందరి బట్టలూ మెట్టెక్కాయి.

మొదట తెలిసినవాళ్ళు నవ్వారు. తర్వాత తమ గుడ్డ కూడా బండి మీద పోయిందని తెలిసినవాళ్ళు నవ్వడం మానేశారు. పెద్దపంతులమ్మ రవికకు ఒక చెయ్యే పడింది. చూద్దాంగారి కోటుకు కాలరు లేదు. బార్బరు కూతురి గౌను ఇంకా ముక్కలుగానే ఉంది. ఒక్కొక్కరే తిట్టుకుంటూ మెట్టెక్కారు.

"ఏం కత్తెరమ్మా, మమ్మల్ని ఇలా నడిపించడం న్యాయమా?" అంటూ చూద్దాంగారు చెమట తుడుచుకున్నారు.

"కూర్చోండి. మంచినీళ్ళు తాగండి. కాలరు ఇప్పుడే వేసిస్తా."

ఆయన కూర్చున్నారు. షెడ్డు నీడలో చల్లటి గాలి తగిలింది. కింద ఊళ్ళో ఆ కాలంలో దోమలకు ఎవరూ బయట కూర్చునేవారు కాదు. పైనుంచి చూస్తే ఏరు ఎంత దగ్గరకు వచ్చిందో మొదటిసారి స్పష్టంగా కనిపించింది. వంపు దగ్గర ఊరు అంచున వేలాడుతున్నట్టుంది. కింద ఉన్నప్పుడు ఎవరి గోడ వాళ్ళకు కనిపించేది. పైనుంచి చూసేసరికి ఊరంతా ఒక్కటిగా కనిపించింది. కాలరు పడ్డాక కూడా ఆయన చాలాసేపు లేవలేదట.

తన దగ్గరకు ఎవరొచ్చినా అత్త ముందు నీళ్ళిచ్చేది. ఆ నీళ్ళు ఎక్కడివో ఎవరికీ తెలియదు. నాన్న పడవ మీద ఉండగా మా అమ్మ రోజూ బిందె చంకన పెట్టుకుని మెట్టెక్కి పోసి వచ్చేది. "మీ నాన్నకు తెలియదనుకున్నాను. తెలుసు. బిందె అడుగు సొట్ట పడితే ఆయనే కొత్తది తెచ్చిపెట్టాడు, ఏమీ అడక్కుండా," అని అమ్మ చెప్పేది. తర్వాత ఇంకొందరు ఆడవాళ్ళు కలిశారు. బట్టల కోసం వచ్చేవాళ్ళు వట్టి చేతులతో రావడం మానేశారు.

అత్త దగ్గర కాచుకుని కూర్చునే జనాన్ని చూసి బార్బరు తన కుర్చీ, అద్దం తెచ్చి షెడ్డు గోడకు ఆనించాడు. వారం తిరక్కుండా టీ కొట్టావిడ పొయ్యి పెట్టింది. రోడ్డు మీద పోయే లారీలవాళ్ళు ఆగడం మొదలైంది. అంతవరకూ సభలో "గాలి గాలి" అని గోల చేసిన కొట్టాయన భార్య, లారీలవాళ్ళకు సబ్బులూ అగ్గిపెట్టెలూ అమ్మడానికి గొడుగు పాతుకుని కూర్చుంది. గొడుగు రెండుసార్లు ఎగిరిపోయింది. రెండుసార్లూ నలుగురూ పరిగెత్తి పట్టుకొచ్చారు.

ఇక మిగిలింది నీళ్ళ సమస్య.

బావులు తవ్వే ఆయన మనిషి ఎముకలగూడులా ఉండేవాడు. భూమిని వేళ్ళతో నలిపి వాసన చూసేవాడు. మొదటి బావిలో బండ పడింది. రెండో బావిలో లోతుకు పోయాక తాడు పట్టినవాళ్ళ చేతులు జారి ఆయన అడుగున పడ్డాడు. మోకాలు వాచి, ఆ కాలు ఈడుస్తూ తిరిగాడు. కొన్నాళ్ళకు మూడో చోటు చూపించాడు. "ఇక్కడ నీళ్ళున్నాయి. కానీ లోతు. పైన మట్టి, కింద ఇసుక. ఇసుకలో దిగాలంటే తాడు పట్టేవాడి మీద గురి ఉండాలి," అన్నాడు.

"ఎవర్ని పెట్టమంటావు?" అంది అత్త.

"పడవాయన్ని. పసిపిల్లల్ని, నెలలు నిండినవాళ్ళని, అందర్నీ ఏరు దాటించాడు. ఆయన తాడు పడితే దిగుతా. లేకపోతే లేదు."

అక్కడున్నవాళ్ళంతా అత్త ముఖం చూశారు. అక్కాతమ్ముళ్ళు నెలల తరబడి మాట్లాడుకోవడం లేదని ఊరందరికీ తెలుసు.

అత్త టేపు తీసి మిషను మీద పెట్టి, రేవుకు దిగింది. నాన్న పడవ సిద్ధంగా ఉంది. ఎక్కి కూర్చుంది. నాన్న పలకరించకుండా అవతలి ఒడ్డుకు తీసుకెళ్ళాడు. ఆవిడ దిగలేదు. మళ్ళీ ఇవతలకు తీసుకొచ్చాడు. అప్పుడూ దిగలేదు.

"దిగవా?"

"నీతో మాట్లాడి దిగుతా."

"మాట్లాడు మరి. ఎవరొద్దన్నారు?"

"నువ్వు ముఖం అటు పెట్టుకుంటే నీ వీపుతో మాట్లాడాలా?"

నాన్న ఇటు తిరిగాడు. అత్త బావులాయన అన్నదంతా చెప్పింది. నాన్న తెడ్డు మీద చెయ్యి అలాగే ఉంచి విన్నాడు.

"నేను ఒట్టు పెట్టుకున్నానక్కా."

"కాపురం ఉండమనట్లేదురా. తాడు పట్టుకోమంటున్నా."

"నీళ్ళు పడితే అందరూ పోతారు. ఊరు పోయాక ఈ రేవుకి ఎవరొస్తారు? నాకు ఇది తప్ప ఇంకోటి చేతకాదు. నేనేమైపోవాలి?"

అత్త పడవ అంచు పట్టుకుని ముందుకు వంగింది. 

"నాకు తెలీదురా తమ్ముడూ. తెలుసని చెబితే అబద్ధమవుతుంది. కానీ నీ ఒక్కడి కోసం వాళ్ళందరూ ఇక్కడే ఉండిపోతే, రేపు ఏరు వాళ్ళని తీసుకుపోతే, అప్పుడు మాత్రం నువ్వు ఏ రేవులో ఉన్నా మనిషివి కావు. నిన్ను పెంచినదాన్ని, నాకు తెలుసు."

దిగి వెళ్ళిపోయింది. 

మర్నాడు పొద్దున్నే భుజాన పడవ మోకు వేసుకుని మెట్టెక్కాడు. ఎవరివైపూ చూడకుండా గుంజ పాతే చోటు చూపించాడు. గుంజకు మోకు చుట్టి, అది ఎంత జారాలో, ఎక్కడ ఆగాలో ఒక్కడే కూర్చుని చాలాసేపు సరిచూసుకున్నాడు. తర్వాత బావులాయనతో, "ఒకసారి లాగితే ఆపమని, రెండుసార్లు లాగితే పైకి తీయమని. అరవకు, కింద మాట పైకి వినబడదు," అన్నాడు. బావులాయన నవ్వి దిగాడు.

తవ్వకం రోజుల తరబడి సాగింది. రైతులు మట్టి తట్టలు మోశారు, కొట్లవాళ్ళు మోశారు. బావి పక్కలు జారకుండా నిలిపే ఒరలు దించడానికి దుంగలవాళ్ళ పిల్లలు వచ్చారు. మట్టి ఎక్కడ పోయాలన్న దాని మీద రోజుకో గొడవ. పెద్దపంతులమ్మ తట్ట పట్టుకుని వరసలో నిలబడింది. చూద్దాంగారు కోటు విప్పి గోడకు తగిలించారు.

ఒక మధ్యాహ్నం నాన్న చేతిలో మోకు బిగుసుకుంది. లాగుడు కాదు, బరువు. వంగి చూశాడు. దించిన ఒర కింద ఒక పక్క ఇసుక జారి, బావులాయన గుండెల దాకా కూరుకుపోయాడు. ఒక చెయ్యి మాత్రం పైకి ఉంది.

"లాగండి! లాగండి!" అని అందరూ మోకు మీద పడ్డారు.

"ఎవరూ లాగొద్దు!" అని నాన్న అరిచాడు. ఆయన అంత గట్టిగా అరవడం అంతకుముందెప్పుడూ ఎవరూ వినలేదు. "లాగితే నడుము విరుగుతుంది. ఇసుక తోడాలి. నేను దిగుతా."

"మరి నీ తాడు ఎవరు పడతారు?" అన్నారెవరో.

నాన్న చుట్టూ చూశాడు. కండలు తిరిగిన మగవాళ్ళు చాలామంది ఉన్నారు. ఇంకో మోకు నడుముకు కట్టుకుని, గుంజకు చుట్టి, దాని కొస అక్క చేతిలో పెట్టాడు.

"నువ్వు పట్టుకో అక్కా. తొందరపడవు నువ్వు. బరువు ఈ గుంజ మోస్తుంది. నా చెయ్యి ఎంత అడిగితే అంతే వదులు, అంతకంటే వద్దు."

అత్త పమిట దోపుకుని గుంజకు కాలు ఆనించి కూర్చుంది. ఆవిడ వెనక చూద్దాంగారు, ఆయన వెనక బార్బరు, టీ కొట్టావిడ, మా అమ్మ, రైతులు. ఎప్పుడూ నోరు మూయని ఊరు ఆ పూట మూసింది. బావిలోంచి తట్ట రాసుకునే చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. నాన్న ఒరకు అడ్డంగా చెక్క బిగించి, దాని మీద నిలబడి చేతులతో ఇసుక తోడాడు. తోడినకొద్దీ జారుతోంది. బావులాయన గుండె విడిపడింది, తర్వాత నడుము. చంకల కింద నుంచి ఇంకో ముడి వేశాడు. ముడి వేస్తూ, "ఏం అన్నా, ఊపిరాడుతోందా?" అని అడిగితే, ఆయన "తమ్ముడూ, కాళ్ళు చల్లగా ఉన్నాయి," అన్నాడట. భయపడి అంటున్నాడనుకున్నాడు నాన్న. "భయం కాదు. తడి. నీళ్ళు," అన్నాడు బావులాయన.

కింద నుంచి మోకు రెండుసార్లు లాగారు. అత్త "ఇప్పుడు" అంది. ఊరు మొత్తం ఒక్కసారిగా వెనక్కి నడిచింది.

ఇద్దరూ పైకి వచ్చాక నాన్న నేల మీద వెల్లకిలా పడుకుండిపోయాడు. అత్త చేతులు మోకు ఒరిపిడికి రక్తాలు కారుతున్నాయి. తమ్ముడి తల ఒళ్ళో పెట్టుకుని, ఇసుక దులుపుతూ, "వెధవా, వెధవా" అంటూనే ఉంది. మర్నాటికి బావిలో ఆకాశం కనిపించింది.

ఆ తర్వాత ఊరు కదలడానికి ఎవరూ సభ పెట్టలేదు. ఏటికి దగ్గరగా ఉన్న ఇంటి నుంచి మొదలుపెట్టారు. ఎవరి ఇల్లు విప్పినా అందరూ వచ్చేవారు. తలుపులకు సుద్దముక్కతో గుర్తులు పెట్టేవారు. గుర్తులు చెరిగిపోయి కొన్ని తలుపులు తారుమారయ్యాయి కూడా. మా పక్కింటివాళ్ళ వాకిలి ఇప్పటికీ చూద్దాంగారి పాత వాకిలే. తెలిశాక మార్చుకుందామన్నారు, ఇంకా మార్చుకోలేదు.

చివరికి మా ఇల్లొక్కటే మిగిలింది. నాన్న ఒట్టు మీదే ఉన్నాడు. అమ్మ కొన్నాళ్ళు ఓపిక పట్టింది. ఒకరోజు ఆయన పెద్ద గుంపును అవతలి ఒడ్డుకు చేర్చడానికి వెళ్ళగానే కబురంపింది. ఊరంతా దిగి వచ్చింది. సాయంత్రం ఆయన తిరిగొచ్చేసరికి కప్పు లేదు, కిటికీలు లేవు. మొండిగోడల ముందు అమ్మ ఒక్కతే, బండి మీద పెట్టిన వాకిలి తలుపు మీద కూర్చుని ఉంది.

"ఇల్లేదే?" అన్నాడు నాన్న.

"పైకెళ్ళింది. భోజనం కూడా అక్కడే ఉంది. మీరు ఒట్టు పెట్టుకున్నారు కాబట్టి నడవొద్దు. బండెక్కండి. ఎద్దులు ఎక్కుతాయి, మీరు ఎక్కినట్టు కాదు."

నాన్న నవ్వాడు. అంత నవ్వు పెళ్ళైన కొత్తలో కూడా చూడలేదని అమ్మ అనేది. బండెక్కాడు.

రేవు మాత్రం వదల్లేదు. రోజూ పొద్దున్నే దిగి పడవ నడిపేవాడు. దారి దూరమైంది కాబట్టి జనం తగ్గారు. అయినా పైన రోడ్డు ఉండటంతో అవతలి ఊళ్ళవాళ్ళు బస్సుల కోసం ఇటు రావడం మొదలైంది, రేవు నిలబడింది.

రెండో వానాకాలంలో ఏరు కింద ఊరిని తీసుకుపోయింది. మెట్ట అంచున నిలబడి అందరూ చూశారు. మొండిగోడలు ఒక్కొక్కటీ కరిగాయి. కొందరు ఏడ్చారు. ఎవరి ఇంట్లోనూ ఎవరూ లేరు, అంతకంటే ఏం కావాలని పెద్దపంతులమ్మ పిల్లల తలలు నిమురుతూ అంది.

అదే వరద దిగువ ఊళ్ళనూ ముంచింది. నీళ్ళు కాస్త నెమ్మదించగానే నాన్న, దుంగలవాళ్ళ పిల్లలు కలిసి పడవలు, తెప్పలు వేసుకుని వెళ్ళారు. తడిసిన మనుషుల్ని, కోళ్ళ గంపల్ని, వంటపాత్రల్ని రేవుకు చేర్చారు. వాళ్ళను ఎక్కడ ఉంచాలన్న దాని మీద బడిలో సభ పెట్టారు. బడిలోనే ఉంచుదామని ఒకరు, ఇంటికొకరిని పంచుదామని ఇంకొకరు. అరుపులు రోడ్డు దాకా వినిపించాయి. సభ తేలకముందే ఆడవాళ్ళు ఎవరి ఇంట్లో వాళ్ళు ఒక గది ఖాళీ చేశారు. వచ్చినవాళ్ళు అప్పటికే పొడిబట్టలు కట్టుకుని తింటున్నారు. అత్త మిషను ఆ వారమంతా ఆగలేదు. దుప్పట్లు చించి పిల్లలకు చొక్కాలు కుట్టింది.

వాళ్ళలో సగం మందికి పైగా వెనక్కి వెళ్ళలేదు. బజారు వెనక వీధులన్నీ వాళ్ళవే. అరటితోటలు వేయడం మా ఊరికి నేర్పింది వాళ్ళే. మా ఇంట్లో దిగిన కుటుంబంలోని చిన్నపిల్ల పెద్దయ్యాక మా ఊరి ఆస్పత్రిలో నర్సు అయింది. నన్ను ఈ లోకంలోకి తీసింది ఆ పిల్లే. తీసి, మా అత్త చేతుల్లో పెట్టి, "చూడండి పెద్దమ్మా, ఎలా అరుస్తోందో. అచ్చం ఈ ఊరి మనిషే," అందట.